ఉత్తుత్తి వరద వర్ధిల్లాలి

మీకు కాలు విరగాలని రాసిపెట్టి ఉంటే, దయచేసి మాక్ డ్రిల్ జరిగే రోజునే విరగ్గొట్టుకోండి. ముందే విరిగితే ఓపిక పట్టండి. తరువాత విరిగితే అది పూర్తిగా మీ అజాగ్రత్త.

ఈ మాట హాస్యానికి అంటున్నది కాదు. మన దేశంలో ప్రమాదాలు రెండు రకాలు. నిజంగా జరిగేవి మొదటి రకం, జరిగినట్టు భావించుకునేవి రెండో రకం. మొదటి రకానికి ఒక ఫోన్ నంబరు ఉంటుంది. రెండో రకానికి సైన్యం ఉంటుంది. రబ్బరు పడవలుంటాయి, డేరా ఆసుపత్రి ఉంటుంది, డాక్టర్లుంటారు, వేడి టీ ఉంటుంది, అంతా అయ్యాక చప్పట్లు కూడా ఉంటాయి. ఆలోచనాపరుడు ఏ ప్రమాదాన్ని కోరుకుంటాడు?

మసక వెలుతురులో తాడును చూసి పామనుకోవడం భ్రాంతి అని వేదాంతులు తేల్చారు. పాపం, వాళ్లకు పరిపాలన తెలియదు. తాడును పామనుకున్నప్పుడే కదా మనవాళ్లు కర్రలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు! నిజంగా పామునే చూపించండి. "తాడై ఉంటుందిలే, వచ్చే వారం కనుక్కుందాం" అంటారు. కనుక మిథ్యను చులకన చేయకండి. మిథ్యకు జరిగే మర్యాద సత్యానికి ఏనాడూ జరగలేదు.

అనుమానం ఉన్నవారు అరకు కొండల్లోని తుమ్మిగుడకు వెళ్లి వంతల కనకను అడగవచ్చు. వెళ్లడమంటే, ఊరి ముందు పారే గెడ్డ దాకా వెళ్లి ఇవతలి ఒడ్డున నిలబడి కేకేయడం. ఆ గెడ్డ మీద ఒకప్పుడు కల్వర్టు ఉండేది. ఏదో తుపానుకు కొట్టుకుపోయింది. దాని స్థానంలో వంతెన వస్తుందన్న నమ్మకం మాత్రం ఇంకా నిలిచే ఉంది. నమ్మకాన్ని ఎంత చౌకగా కట్టవచ్చో, ఎన్ని వరదలకు అది తట్టుకుంటుందో ఇంజనీర్లు గమనించాలి.

కనక భర్త పేరు బుధు. వానాకాలంలో ఒక రోజు, కాఫీ మొక్కల మీద నీడ పలచబడాలని సిల్వరోక్ చెట్టెక్కి కొమ్మలు నరుకుతుంటే, తడి బెరడు మీద పాదం జారి కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఇందులో చెట్టు తప్పు లేదు, వాన తప్పు లేదు. ముహూర్తం చూసుకోకుండా పడటమే బుధు చేసిన తప్పు.

నిజానికి సైన్యం వారి వరద సహాయ విన్యాసం ఆ వారంలోనే జరగవలసి ఉంది. కాని ఆ వారం వాయుగుండం పట్టింది. ఎడతెరిపి లేని వాన, గట్లు తెంపుకున్న గెడ్డ. వాతావరణం అనుకూలించనందున వరద విన్యాసాన్ని వాయిదా వేశారు. ఎంత ముందుచూపు! వరదలో వరద విన్యాసం చేస్తే ఎవరికైనా ఏదైనా అయితే ఎవరిది బాధ్యత?

పడిన నాడే నలుగురు మగాళ్లు కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, ఆ డోలీలో బుధును గెడ్డ దాకా మోశారు. నీళ్లు గుండెల దాకా వస్తున్నాయి. ఒకడు గుట్టెక్కి, సిగ్నల్ దొరికే బండ మీద నిలబడి ఫోన్ చేశాడు. అవతలి గొంతు చాలా మర్యాదగా మాట్లాడింది. రోడ్డు దాకా తీసుకొస్తే చాలునని, బండి సిద్ధంగా ఉంటుందని చెప్పింది. అబద్ధం కాదు, బండి నిజంగానే సిద్ధంగా ఉంది. రోడ్డూ సిద్ధంగానే ఉంది. సిద్ధంగా లేనివాడు బుధు ఒక్కడే. వెనక్కి మోసుకొచ్చారు.

ఊరికి మంచిచెడ్డలు చెప్పి, విరిగిన చేతులకూ కాళ్లకూ పసరు కట్టే దిసారి మంగ్లు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. చేతులూ కాళ్లూ అయితే ఆయన కట్టుకు లొంగేవి. తొడ లొంగలేదు. సొరకాయలా వాచి రంగు మారింది. జ్వరం పట్టుకుంది. కనక అంబలి తాగిస్తుంటే సగం మెడ మీద నుంచి కారిపోయేది. బుధు మాత్రం నొప్పి గురించి ఒక్క మాటా అనేవాడు కాదు, చెట్టు మీద వదిలేసిన కత్తి గురించే అడిగేవాడు. ఆ కత్తి తుప్పు పడుతుందని అతని బెంగ. అతని కాలు గురించి బెంగపడే పని కనకకు వచ్చింది.

వాన తెరిపిచ్చింది, గెడ్డ మాత్రం తగ్గలేదు. అప్పుడు వచ్చింది సైన్యం.

రబ్బరు పడవ మీద కొందరు జవాన్లు ఊరి వైపుకు దాటారు. వాళ్లతో పాటు ఎలీయేజరు మాస్టారు కూడా దిగాడు. దిగువ ఊరి మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. హిందీ వచ్చు కాబట్టి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేయడానికి ఆయన్ను వెంటబెట్టుకున్నారు. జవాన్లు ముందుగా ఒడ్డున ఒక బోర్డు పాతారు. ఏం రాసుందని ఊరంతా అడిగితే మాస్టారు చదివి చెప్పాడు. ఇక్కడ వరద ఉన్నట్టు భావించవలెనట.

మంగ్లు బోర్డును చూశాడు. బోర్డు వెనక సుడులు తిరుగుతున్న నీళ్లను చూశాడు.

"బావించడమేటి మాస్టారూ? ఓపాలి ఎనక్కి తిరిగి సూడమనండి."

మాస్టారు ఆ మాటను హిందీలో పెట్టలేదు. అనువాదకుడికి కొంత విచక్షణ ఉండాలి.

కనక బోర్డు దగ్గర ఆగలేదు. నేరుగా మాస్టారి దగ్గరకొచ్చి మొగుడి సంగతి చెప్పింది. పడవ ఎలాగూ తిరిగి అవతలికి వెళ్తుంది కదా, ఒక మూల పడుకోబెడితే చాలునంది. మాస్టారు సుబేదారును అడిగాడు. సుబేదారు మంచివాడు, ఓపిగ్గా వివరించాడు. ఈ పూట పరిశీలన మాత్రమే. రక్షించే కార్యక్రమం రేపు. పైగా నిజమైన కేసులు సివిల్ శాఖల పరిధిలోకి వస్తాయి. వాటికి ఒక ఫోన్ నంబరు ఉంది.

ఇందులో దయలేనితనం వెతికేవాళ్లు తొందరపడుతున్నారు. ప్రతి వ్యవస్థకూ ఒక సరిహద్దు ఉంటుంది. సత్యానికి ఒక శాఖ, మిథ్యకు మరో శాఖ. ఒకరి పనిలో ఒకరు వేలుపెడితే లోకం ఏమైపోతుంది?

ఇక విన్యాసానికి క్షతగాత్రులు కావాలి. గాయపడినట్టు పడుకునేవాళ్లు ఊళ్లోంచి కొందరిని ఇమ్మని సుబేదారు అడిగాడు. రంగు నీళ్లతో నెత్తురు మరకలు వాళ్లే వేస్తారు. పడుకోవడం, మూలగడం, మోస్తుంటే కదలకుండా ఉండటం, అంతే పని. పని అయ్యాక టీ, బన్ను.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. తుమ్మిగుడలో ఒక కట్టడి ఉంది. ఒంట్లో బాగున్న మనిషి డోలీలో పడుకోకూడదు. పిల్లలు ఆటకైనా ఎక్కకూడదు. ఖాళీ డోలీని గడప దాటించి ఇంట్లోకి తేకూడదు. లేని జబ్బును ఉన్నట్టు నటిస్తే, పిలిచారనుకుని అది వచ్చేస్తుందని వాళ్ల నమ్మకం. మన నమ్మకాలతో పోలిస్తే ఇది ఎంత వెనకబడిందో చూడండి! మనం లేని అభివృద్ధిని ఉన్నట్టు ఎన్నాళ్లుగా నటిస్తున్నాం, ఒక్కసారైనా పిలిచామనుకుని వచ్చిందా?

సుబేదారు అడిగినదాంట్లో 'గాయపడినవాళ్లు' అన్న మాట మంగ్లుకు తలకెక్కింది. 'గాయపడినట్టు' అన్నది ఎక్కలేదు. ఎక్కినా ఆయన దాన్ని పక్కన పెట్టి ఉండేవాడు, ఎందుకంటే అలాంటి పని ఏ పెద్దమనుషులూ అడగరని ఆయనకు తెలుసు. రేపు పొద్దుటికి మనుషులు తయారుగా ఉంటారని మాట ఇచ్చేశాడు.

మర్నాడు మంచు తెరలు లేవకముందే అవతలి ఒడ్డున లారీలు ఆగాయి. జవాన్లు ఇనుప పలకలు భుజాన వేసుకుని చీమల బారులా దిగారు. ఒకడు కేక వేస్తే పదిమంది ఎత్తారు, మరో కేకకు దించారు. ఊరంతా పనులు మానేసి ఒడ్డున నిలబడింది. కొండ మీది ఎండ లోయలోకి దిగేసరికి గెడ్డ మీద వంతెన ఉంది! జీపు కూడా నడిచే ఇనుప వంతెన. ఒక ముసలామె వంగి దాన్ని చేత్తో తట్టి చూసింది. నిజమైన వంతెన కోసం ఇన్నేళ్లు ఎదురుచూడటం ఎంత అవివేకమో ఊరికి అప్పుడు తెలిసొచ్చి ఉంటుంది. అడగవలసింది ఉత్తుత్తి వంతెనను.

విన్యాసం నడిపించే మేజర్ వంతెన దాటి వచ్చేసరికి మంగ్లు ఇచ్చిన మాట ప్రకారం చాపల మీద మనుషులు వరసగా పడుకుని ఉన్నారు. గొంతు దగ్గర కణితి ఉన్న ముసలామె. కుక్క కరిచినవాడు. పొగ పెట్టినట్టు దగ్గేవాడు. చివర నులక మంచం మీద బుధు. రంగు సీసా తెచ్చిన జవాను వరస పొడుగునా నడిచి, మూత తీయకుండానే సీసాను జేబులో పెట్టుకున్నాడు. సహజత్వం చాలా బాగుందని మేజర్ మెచ్చుకున్నాడు.

మంచం దగ్గరకొచ్చి ఆయన ఆగాడు. కట్టు చూశాడు. వంగాడు, మళ్లీ లేచాడు. ఆ వాసన రంగు సీసాల్లోంచి వచ్చేది కాదు. మాస్టారిని పక్కకు పిలిచి ఏదో అడిగాడు. మాస్టారు కనక దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఇది నిజమా, నటనా అని అడుగుతున్నాడు. నిజమంటే రూలు ప్రకారం కార్యక్రమం ఆపేస్తారు. మీ ఆయన్ని సివిల్ వాళ్లకి అప్పజెప్పాలట. నటనంటే ఇప్పుడే మోసుకుపోతారు. బేగి ఆలోసించుకో, కనకా."

సివిల్ వాళ్లంటే ఎవరో కనకకు తెలుసు. రోడ్డు దాకా తీసుకురండి అనే గొంతు. అయినా ఊరి కట్టడి ఒకటుంది. జబ్బుతో ఆటలాడటం ఆమెకు తెలియదు. తిరిగి మంగ్లు వైపు చూసింది.

మంగ్లు గడ్డం గోక్కున్నాడు. ఏ తర్కశాస్త్రంలోనూ ఎదురుకాని ప్రశ్న అది.

"నేని జబ్బు ఉందంటే వచ్చేత్తది. ఉన్న జబ్బు నేదంటే ఏటవుద్దో మన పెద్దోళ్లెవులూ సెప్పనేదు గుంటా. అని సూడు. పోతే పోద్ది."

కనక మేజర్ ముందుకొచ్చి నిలబడింది.

"ఒట్టి నాటకం బాబూ. ఈడికి సిన్నప్పట్నుంచీ ఇయ్యే నాటకాలు."

మాస్టారు హిందీలో చెప్పాడు. మేజర్ మళ్లీ బుధు కాలు వైపు చూశాడు. తరువాత కనక ముఖం వైపు చూశాడు. మళ్లీ అడిగాడు, నిజంగా నటనేనా అని. ఈసారి ప్రశ్న అడిగినట్టు లేదు, జవాబు అందించినట్టు ఉంది. కనక తల ఊపింది.

"చాలా బాగా నటిస్తున్నాడు" అని మేజర్ గట్టిగా, అందరికీ వినబడేలా అన్నాడు. "ఇతణ్ని ముందు తీసుకెళ్లండి."

స్ట్రెచర్ వచ్చింది. కనక వెంట నడవబోతే చేతికి పట్టీ కట్టుకున్న పరిశీలకుడు ఆపాడు. విన్యాసంలో పాత్ర లేనివాళ్లు వంతెన ఎక్కకూడదు. మాస్టారు కాగితాలు అడిగి చూసి, రోదించే బంధువు పాత్ర ఖాళీగా ఉందని కనిపెట్టాడు. ఆ పాత్ర కనకకు ఇచ్చారు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోక తప్పదు. ఆ పాత్రలో కనక పూర్తిగా విఫలమైంది. వంతెన పొడుగునా ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఒక చెయ్యి మొగుడి తొడ కింద పెట్టి, జవాన్ల అడుగుల వైపే చూస్తూ, ఎత్తుపల్లం వచ్చిన చోటల్లా ఊపిరి బిగబట్టి నడిచింది. పరిశీలకుడు పెదవి విరిచాడు. భార్య పాత్రలో సహజత్వం లోపించిందని ఆయన అభిప్రాయం. భార్యలను పెట్టుకుంటే ఇదే ఇబ్బంది!

అవతల మైదానంలో డేరా ఆసుపత్రి. అక్కడి డాక్టరు జాయ్స్, కెప్టెన్ హోదా, తెలుగు మనిషి. కట్టు విప్పి చూసింది. సెలైన్ పెట్టింది, సూదిమందు ఇచ్చింది, వెదురు బద్దలు తీసి వేరే కట్టు కట్టింది. ముసలామె కణితిని తడిమింది. కుక్క కరిచినవాడికి సూది వేసింది. దగ్గేవాడి వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తుమ్మిగుడ రోగాలన్నీ ఆ పూట మొదటిసారి డాక్టరు ముఖం చూశాయి. అన్నీ నటిస్తున్నాయనే నమ్మకంతో!

మధ్యాహ్నం సైరన్ మోగింది. మైకులో ఒక గొంతు విన్యాసం విజయవంతంగా ముగిసిందని ప్రకటించింది. క్షతగాత్రులు లేవవచ్చునంది. మాస్టారు తెలుగులో చెప్పాడు.

అందరూ లేచారు. ముసలామె బన్ను కొంగున కట్టుకుని లేచింది. దగ్గేవాడు దగ్గుతూ లేచాడు. చప్పట్లు మోగాయి. బుధు కూడా, పెద్దవాళ్లు లేవమన్నారు కాబట్టి, మోచేతుల మీద లేవబోయాడు. ముఖమంతా చెమట పట్టింది. కనక అతని గుండె మీద చెయ్యి పెట్టి ఆపింది. అప్పటిదాకా రాని ఏడుపు, పాత్ర అయిపోయాక వచ్చింది.

పరిశీలకుడు వచ్చాడు. ఇతణ్ని ఎక్కణ్నుంచి తెచ్చారో అక్కడ దించాలి కదా అన్నాడు. క్షతగాత్రులను ఇళ్లకు చేర్చడంతో విన్యాసం పూర్తవుతుంది.

జాయ్స్ సెలైన్ సీసా వైపు చూస్తూ, అక్కడే నిలబడి ఉన్న మేజరుతో మాట్లాడింది. కనకకు కూడా అర్థం కావాలనేమో, తెలుగులోనూ అన్నది.

"ఈయన పాత్ర ఇంకా అవలేదు సార్. విశాఖపట్నం దాకా ఉంది."

మేజర్ పరిశీలకుడి వైపు తిరిగి, ఆ పాత్రను పొడిగించామన్నాడు. పరిశీలకుడు బుధు ముఖం చూసి, తన కాగితం మీద ఆ మాటే రాసుకున్నాడు. సైన్యం ఆంబులెన్సు బయలుదేరింది. వెనక కిటికీలోంచి కనకకు గెడ్డ కనిపించింది. జవాన్లు వంతెన మీద వంగి పానాలతో బోల్టులు తిప్పుతున్నారు. వానలకు కదలకుండా బిగిస్తున్నారని ఆమె అనుకుంది.

బుధు కాలు దక్కింది. లోపల ఇనుప కడ్డీ వేశారు. కర్రల సాయంతో నడవగలిగాక, కనక అతణ్ని బస్సులో రోడ్డు చివరి దాకా తీసుకొచ్చింది. అక్కడ దిగి చూస్తే గెడ్డ ఉంది. బోర్డు ఉంది. ఇనుప దిమ్మెలు ఆనిన చోట బురదలో గుంటలున్నాయి. వంతెన లేదు.

వంతెనను ఎందుకు ఉంచలేదని కొందరు మేధావులు అడుగుతారు. వాళ్లకు నా సమాధానం సూటిగా ఉంటుంది. ఉంచేస్తే అది నిజమైన వంతెన అయిపోదూ? నిజమైన వంతెనకు సర్వే కావాలి, అటవీ శాఖ అనుమతి కావాలి, టెండర్లు కావాలి, శిలాఫలకం మీద పేర్ల వరస ఎవరిది ముందో తేలాలి. ఇవేవీ లేకుండా ఒక ఊరికి దారి ఏర్పడితే అది అక్రమ కట్టడం. సైన్యం వారు వంతెనను కట్టిన వేగంతోనే విప్పి, నేలను ఎప్పటిలా ఉంచి వెళ్లారు. ఎప్పటిలా ఉంచడంలో మనకున్న శ్రద్ధ మరే దేశానికీ లేదు.

మంగ్లు మనుషుల్నీ డోలీనీ వెంటబెట్టుకుని గెడ్డ దిగి వచ్చాడు. బాగుపడిన మనిషిని డోలీలో ఎక్కించవచ్చా అన్న ధర్మసందేహం వచ్చింది. లోపల ఇనుము ఉంది కాబట్టి మనిషి ఇంకా పూర్తిగా బాగుపడినట్టు కాదని ఆయన తీర్పు చెప్పాడు. నీళ్లు తొడల దాకానే ఉన్నాయి. బుధు డోలీలో పడుకుని ఆకాశం చూస్తూ నవ్వాడట. సిన్మాలోనయినా ఏసిన సెట్టింగు మర్నాటి దాకా ఉంచుతారు కదా అన్నాడట.

అతణ్ని చూద్దామని ఎలీయేజరు మాస్టారు ఒడ్డుకొచ్చాడు. విన్యాసానికి పై నుంచి మెచ్చుకోలు వచ్చిందని, వచ్చే ఏడాది మళ్లీ ఇక్కడే జరగవచ్చని సంతోషంగా చెప్పాడు. కనక సంతోషించలేదు. వరసకు చెల్లెలయ్యే రత్నకు నెలలు నిండుతున్నాయి. వచ్చే ఏడాది దాకా బిడ్డ ఆగదు. సంగతి తెలిసిన మంగ్లు, గర్భిణి పాత్రకు రత్న పేరు ఇప్పటికే ఖాయం చేసి పెట్టాడు. పురుడు నటించడానికి రత్నకు అభ్యంతరం లేదు. తేదీ ఒక్కటే కుదరాలి.

కాబట్టి సంబంధిత అధికారులకు నా మనవి ఏమిటంటే, ఊహాజనిత విపత్తులను మరింత విరివిగా, వీలైతే నిజమైనవాటికి కాస్త ముందుగా ఏర్పాటు చేయాలి. ప్రతి ఏజెన్సీ గ్రామానికీ ఏడాదికి ఒక ఉత్తుత్తి వరద, ఒక ఉత్తుత్తి పురుడు, ఒక ఉత్తుత్తి పాముకాటు మంజూరు చేస్తే, ప్రజలు తమ కష్టాలను ఆ తేదీలకు సర్దుకుంటారు. సర్దుకోవడం వాళ్లకు అలవాటే.

కనక మనవి ఇంకా చిన్నది. డోలీ వెంట గెడ్డలోకి దిగబోతూ, కొంగు నడుముకు దోపుకుని, మాస్టారి వైపు తిరిగి అన్నదట.

"నిజం వంతెన అడిగీ అడిగీ మా నోళ్లు పడిపోనాయి మాస్టారూ. ఆ అబద్దం వంతెనే ఇంకోపాలి ఎయ్యమనండి. ఈపాలి ఇప్పుకెళ్లడం మర్సిపోమనండి."